లిఫ్టులో ఖలఫ్

మా బిల్డింగు గుమ్మం ముందున్న ఇటుక గోడ గురించి ముందు కాస్త ఏడ్చుకోనివ్వండి. బాంబు పడితే ముక్కలు లోపలికి ఎగిరిరాకుండా కైరో అంతటా ఇలాంటి గోడలు కట్టారు. బాగానే ఉంది. కానీ మా మేస్త్రీ గుమ్మానికీ గోడకీ మధ్య వదిలిన సందు, పస్తున్న మనిషి పక్కకి తిరిగి ఊపిరి బిగబడితే పట్టేంత. నా కోటు ఎడమ మోచెయ్యి ఆ ఇటుకలకే సమర్పించుకున్నాను. మా అద్దెదారుల సంఘం అధ్యక్షుడు బహ్గత్ బే గారి పొట్ట పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అక్కడ ఆగి ఆలోచించుకుంటుంది. ఇప్పటిదాకా ఆ గోడకి ఒక్క బాంబూ తగల్లేదు. తగిలిందల్లా మేమే.

రంజాన్ పండగ దగ్గరపడేసరికి ఇంకో కష్టం. పండక్కి చేసే కహ్క్ బిస్కట్ల పళ్లేలు ఆ సందులో అడ్డంగా పట్టవు. నిలువుగా తిప్పితే సరుకు జారిపోతుంది. నెయ్యీ, ఖర్జూరమూ, ఇంటి పరువూ కలిపి పిసికిన వంట వీధి దుమ్ములో దొర్లుతుంటే చూడ్డానికి గుండె చాలదు. అదీ ఉపవాసం మీద.

కిందటివారం ఈ శీర్షికలో, మెట్ల కింద గదిలోంచి నెయ్యి వాసన వచ్చిన దగ్గర ఆపాను. ఆ వాసనకి బిల్డింగంతా ఎందుకు ఉలిక్కిపడిందో, ఆ సంచికలో వేరుశనక్కాయలు పొట్లం కట్టేసుకున్న వాళ్ల కోసం మళ్లీ చెబుతాను.

మెట్ల కింద ఉండేది ఉమ్మ్ ఖలఫ్, అంటే ఖలఫ్ తల్లి. మొగుడు మా కాపలావాడు. అతను పోయాక కాపలా, మెట్లు కడగడం, మా అందరి మాటలు పడటం ఆవిడకే వచ్చాయి. కొడుకు ఖలఫ్ కాల్బలంలో మామూలు సిపాయి. ఇస్రాయేలుతో యుద్ధం మొదలై మనవాళ్లు సూయజ్ కాలువ దాటిన నాలుగో రోజున ఎదురు బిల్డింగుకి ఒక అమరవీరుడు దొరికాడు. ఎవరో అద్దెదారుడి మేనల్లుడు, అందులోనూ ఆఫీసరు. నల్లగుడ్డ కట్టారు. పెద్ద కారు వచ్చింది. పేపరు ఫొటోగ్రాఫరు వచ్చాడు. బహ్గత్ బే గారికి ఆ రాత్రి నిద్ర లేదు. బే అన్న బిరుదు రద్దయి ఇరవై ఏళ్లు దాటింది, ఆయనకి ఇంకా ఆ కబురు అందలేదు. కానీ మర్నాడు వేరే కబురు అందింది. ఏదో ఆఫీసులో పనిచేసే బావమరిది ఫోన్ చేసి, ఖలఫ్ ఉన్న దళం మీద పెద్దగా ఆశ లేదన్నాడు. 'పెద్దగా ఆశ లేదు' అన్న మాట బే గారి ఇంట్లో పొద్దున బయలుదేరి, సాయంత్రానికి 'అమరుడయ్యాడు' అయి మెట్లు దిగింది.

మేమూ నల్లగుడ్డ కట్టాం. పాలరాయి పలక చెక్కడానికి ఇచ్చాం. లిఫ్టులో ఖలఫ్ ఫొటో పెట్టాం. ఆ ఫొటో బే గారి అమ్మాయి పెళ్లిలో తీసింది. కుర్చీలు మోస్తూ అంచున పడ్డాడు. కుర్చీలు కత్తిరించేశాం. బతికున్నప్పుడు లిఫ్టు ఎక్కనివ్వని కుర్రాడు ఇప్పుడు రోజంతా లిఫ్టులోనే తిరుగుతున్నాడు.

అన్నిటికంటే పెద్ద త్యాగం వేరే ఉంది. చావు జరిగిన బిల్డింగులో పండక్కి ఎవరూ కహ్క్ చెయ్యరు. మేమూ చెయ్యలేదు. అందరం అక్కచెల్లెళ్ల ఇళ్లలో చేయించుకుని, ఉపవాసం విడిచే ఫిరంగి మోగి వీధి ఖాళీ అయ్యాక గోడ సందులోంచి దొంగతనంగా తెచ్చుకున్నాం. ఇంత నిష్ఠగా మేం దుఃఖపడుతుంటే, కన్నతల్లి మెట్ల కింద కహ్క్ చేస్తుందా!

ఫిరంగికి ఇంకా గంట ఉందనగా ఊరేగింపుగా దిగాం. ముందు బే గారు, వెనక పళ్ల డాక్టరు సబ్రీ, ఆ వెనక ఆడవాళ్లు. వాళ్లలో మా ఆవిడ ఇనాయత్. చివర నేను. ఎప్పుడూ చివర నేనే, ఏదైనా జరిగితే మెట్లు దగ్గర కదా అని.

ఉమ్మ్ ఖలఫ్ గుమ్మంలో నేల మీద కూర్చుని ఉంది. బేకరీ పొయ్యిలోంచి అప్పుడే వచ్చిన పళ్లెం రెండు ఇటుకల మీద పెట్టి, జల్లెడతో పంచదార పొడి చల్లుతోంది. ఆ వాసనకి డాక్టరు సబ్రీ గుటక మింగడం అందరికీ వినపడింది.

"ఉమ్మ్ ఖలఫ్! ఏమిటిది?" అన్నారు బే గారు.

"కహ్క్, బే గారూ. మీకూ పెడతా. ఫిరంగి మోగినాక తినండి."

"చావింట్లో ఎవరైనా కహ్క్ చేస్తారా?"

"చెయ్యరు. మా ఇంట్లో చావు లేదు. అందుకే చేసినా."

"పైన నల్లగుడ్డ కనపడటం లేదా?"

"ఎందుకు కనపడదు? మీ మెట్లు కడిగేటప్పుడు నెత్తికి తగుల్తానే ఉంది. మీరు కట్టినారు, మీరే విప్పండి."

డాక్టరు సబ్రీ గొంతు సవరించుకున్నాడు. "ఇది షాక్ అండీ. పన్ను పీకేశాక కూడా కొందరు ఇంకా ఉందనే అంటారు."

"పన్ను మీరు పీకినారా డాక్టరుగారూ? చేతిలో పట్టుకుని చూపించినారా? నా కొడుకు సచ్చిపోయినాడని మీలో ఒక్కరు చూసినారా? చూసిన మనిషిని ఒకడిని తెండి. అప్పుడు నేనే జుట్టు విరబోసుకుంటా."

ఇనాయత్ ముందుకొచ్చింది. మా ఆవిడకి న్యాయం అంటే ప్రాణం. "నీ కోసం బిల్డింగంతా పండగ మానుకుంది తెలుసా? పిల్లలకి ఒక్క కహ్క్ ముక్క పెట్టలేదు!"

"అమ్మగారూ, నిన్న మీ చెల్లెలి ఇంటి నుంచి వచ్చిన పళ్లెం గోడ కాడ ఇరుక్కుంటే, ఈ చివర పట్టుకుని లోపలికి లాగింది నేను గాదా?"

అందరూ గోడ వైపు చూశారు. నేను నా బూట్ల వైపు చూశాను.

ఉమ్మ్ ఖలఫ్ జల్లెడ ఆపలేదు. గొంతు మాత్రం పెరిగింది. "ఆరేండ్లు పట్టాళంలో పెట్టుకున్నారు వాణ్ని. సెలవుకి వస్తే ఆ గదిలో కాళ్లు సాగవు, గుమ్మంలోకి చాపి పండుకునేవాడు. బూట్లు దారిలో ఉన్నాయని అరిసింది మీరు కాదా, బే గారూ? ఇప్పుడు పాత జత ఇస్తే అద్దాల పెట్టెలో పెడతానంటారు. గ్యాసు బండలు అయిదో అంతస్తుకి ఏ దారిన మోసినాడు వాడు? లిఫ్టు పాడైపోతాదని మెట్ల మీదనే గదా! మీ అబ్బాయికి అరికాలు చదునుగా ఉందని పట్టాళం వద్దనింది. ఆ అరికాలుతోనే శుక్రవారం శుక్రవారం క్లబ్బులో బంతాడతాడు. నా కొడుకు అరికాలు ఎవురు చూసినారు?"

బే గారు ఎర్రబడ్డారు. నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే గోడ సందులో ఏదో ఇరుక్కున్న చప్పుడైంది.

ముందు ఒక చంక కర్ర వచ్చింది. తర్వాత ఒక బూటు. తర్వాత పక్కకి తిరిగి, పళ్లు బిగించి, ఒక సిపాయి వచ్చాడు. రెండో కాలికి మోకాలి దాకా కట్టు. గోడకి ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు.

"ఖలఫ్ వాళ్ల బిల్డింగు ఇదేనాండీ? నా పేరు వనీస్. మాది ఒకే దళం."

వనీస్ తలెత్తి నల్లగుడ్డ చూశాడు. అతని భుజాలు దిగిపోయాయి, బరువు దించుకున్నట్టు.

"ఓ. మీకు ముందే తెలిసిపోయిందా? దారి పొడుగునా ఎలా చెప్పాలా అని చస్తున్నాను. ఆ పని తప్పింది, దేవుడి దయ."

"ఏ పని, నాయనా?" అంది ఉమ్మ్ ఖలఫ్. "ఏం చెప్పాలని వచ్చినావు?"

వనీస్ ఆవిడ వైపు చూశాడు. పళ్లెం వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి. చంక కర్ర జారి నేల మీద పడింది.

బహ్గత్ బే గారు చెయ్యెత్తి అందరి వైపూ తిరిగారు. "చూశారా! నేను చెప్పలేదూ?"

ఇన్నేళ్లలో ఈ బిల్డింగులో చాలా మాటలు విన్నాను. ఇంత సంతోషంగా అన్న మాట ఇంకోటి వినలేదు.

ఉమ్మ్ ఖలఫ్ ఏడవలేదు. జల్లెడ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పళ్లెంలో సగం తెల్లగా ఉంది, సగం ఉత్తది.

"నువ్వు చూసినావా?"

"చూశానమ్మా."

"ఎప్పుడు?"

"కాల్పులు ఆగాయని రేడియోలో చెప్పారే, ఆ సాయంత్రం."

"కాదు, కాదు," అన్నారు బే గారు. "అంతకు చాలా ముందే. మా దగ్గరున్న సమాచారం ప్రకారం కాలువ దాటిన మొదటివారమే. నువ్వు పొరబడుతున్నావు, అబ్బాయ్."

"నేను పక్కనే ఉన్నానండీ."

"పాలరాయి మీద తేదీ చెక్కేశారయ్యా!"

వనీస్ ఆయన అక్కడ లేనట్టే ఉమ్మ్ ఖలఫ్ ఎదురుగా, కట్టుకాలు చాపుకుని నేల మీద కూలబడ్డాడు. ఆ తర్వాత చెప్పిందంతా ఆవిడకే చెప్పాడు.

"కాలువ దాటేటప్పుడు మా వీపుల మీద మనిషికి మించిన మోత ఉందమ్మా. అవతల ఇసుక గట్టు నిలువుగా ఉంది. తాడు నిచ్చెన మీద మేమంతా రొప్పుతున్నాం. ఖలఫ్ మాత్రం 'గ్యాసు బండ కంటే తేలికే ఇది' అన్నాడు. సగం ఎక్కాక కింద నుంచి అరిచాడు, 'ఒరే వనీసూ, ఇది ఎన్నో అంతస్తురా?' అని. పైన తుపాకులు పేలుతున్నాయి, మేం నవ్వుతున్నాం."

"వాడు అంతే," అంది ఉమ్మ్ ఖలఫ్.

"రెండు వారాలు ఏమీ కాలేదు. తర్వాత వీపులో చిన్న ఇనుప ముక్క దిగింది. చాలా చిన్నది. నాకు కాలికి తగిలింది. ఇద్దర్నీ కాలువకి ఇవతల ఒక బడిలో వేశారు, ఆసుపత్రి చేశారు దాన్ని. డాక్టరు కట్టు కట్టి, నడుస్తున్నాడుగా, రేపు పెద్దాసుపత్రికి పంపుదాం అన్నాడు. హెడ్మాస్టరు గదిలో ఫోన్ ఉంది. ఇళ్లకి మాట్లాడుకోండి, మనిషికి ఒక్కసారి అన్నారు. ఇంత పొడుగు వరస. ఖలఫ్‌కి ఇక్కడి నంబరు నోటికొచ్చు."

రాకేం? బిల్డింగు మొత్తానికీ ఫోన్ ఒక్కటే, బే గారి హాల్లో. ఎవరికి ఫోన్ వచ్చినా మెట్లెక్కి పిలుచుకు రావడం చిన్నప్పటి నుంచీ ఖలఫ్ పనే. నన్నయితే ఎన్నిసార్లు పిలిచాడో. తంతా ఊరి నుంచి మా అమ్మ చేసేది. నేను లేకపోతే ఇనాయత్ వెళ్లి ఎత్తేది. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా అమ్మ అదే అడిగేది, "నేను ఫోన్ చేసినప్పుడల్లా మీ పొయ్యి మీద పాలెందుకు పొంగుతాయిరా? ఇంట్లో గేదెల్ని కట్టారా?" అని.

"లైను దొరికింది," అన్నాడు వనీస్. "ఎవరో ఆడమనిషి ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు, నవ్వులు. లైను గరగరమంటోంది. వీడు అరుస్తున్నాడు, 'నేను ఖలఫ్‌ని, మా అమ్మని పిలవండి' అని. ఆవిడ తిట్టింది. చచ్చిపోయిన వాళ్ల మీద వేళాకోళాలా, సిగ్గు లేదా అంది. అప్పుడు వీడు గోడవైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని, 'పోనీ, మా అమ్మకి ఈ ఒక్క మాట చెప్పండి' అని ఏదో చెప్పాడు. నాకు వినపడలేదమ్మా. ఆవిడ పెట్టేసింది."

"పెట్టేసిందా?"

"పెట్టేసింది. వీడు నవ్వుకుంటూ వచ్చాడు. 'నేను చచ్చిపోయానంటరా వనీసూ. మా బిల్డింగువాళ్లే చెప్పారు. పైగా పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంట' అన్నాడు."

మెల్లగా తల తిప్పాను. ఇనాయత్ గోడకి వేలాడుతున్న మంటలార్పే బకెట్టు కేసి చూస్తోంది, జన్మలో బకెట్టు చూడనట్టు.

"మళ్లీ వరస చివరికి పోయి నిలబడ్డాడు," అన్నాడు వనీస్. "ఈసారి అమ్మనే పిలిపిస్తాను అన్నాడు. కాసేపటికి కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. నిద్రపట్టిందనుకున్నాం. వరస కదిలినప్పుడల్లా ముందువాడూ వెనకవాడూ చంకల్లో చేతులేసి జరిపాం, వంతు పోకుండా. ఆఖరికి వంతు వచ్చింది. లేపాం."

వనీస్ నేల మీదున్న చంక కర్ర దగ్గరికి లాక్కున్నాడు.

బే గారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. "ఆ రోజు మా ఇంట్లో పలక మీద వాక్యం గురించి ఆడవాళ్ల సమావేశం జరిగింది. అందరూ ఉన్నారు. ఎవరు ఎత్తారో ఎలా చెప్పగలం? అయినా ఇప్పుడు అవన్నీ తవ్వుకుంటే పోయినవాడు వస్తాడా? మనమంతా ఒక కుటుంబం..."

"కుటుంబమా?" ఉమ్మ్ ఖలఫ్ లేచి నిలబడింది. ఆవిడ ఇంత పొడుగని నాకు తెలీదు. ఎప్పుడూ వంగి మెట్లు కడుగుతుండగానే చూశాను. "బతికున్నోడిని చంపి గుడ్డ కట్టినారు. నేను బతికున్నోడి కోసరం దొంగేడుపు ఏడవలేదని నాకు పిచ్చన్నారు. వాడు లేచొచ్చి ఫోన్ చేస్తే, సచ్చినోడివి నోర్ముయ్యమన్నారు! ఇస్రాయేలు వాడు వీపులో కొట్టినాడు, వాడు శత్రువు, సరే. మీరెవురు నాకు?"

నల్లగుడ్డ అంచు గాలికి బే గారి బట్టతల మీద టపటపమంటోంది.

"నాకు పలక వద్దు. పెద్ద కారు వద్దు. వాడు చెప్పిన మాట ఒకటి ఈ బిల్డింగులో ఎవురి దగ్గరో ఉండాది. అది నాది. నాకు కావాల."

పళ్లెం ఎత్తి నెత్తిన పెట్టుకుంది. వనీస్‌ని తన గదిలో కూర్చోమంది. లిఫ్టు తలుపు లాగింది. జన్మలో మొదటిసారి లిఫ్టు ఎక్కింది, కొడుకు ఫొటో పక్కన నిలబడి. వద్దనడానికి బే గారు వేలు ఎత్తారు. ఆవిడ చూసిన చూపుకి ఆ వేలితో మీసం దువ్వుకున్నారు.

లిఫ్టు అయిదో అంతస్తుకి పోయింది. పై నుంచి కిందికి, ఇంటింటికీ. మాది రెండో అంతస్తు.

నేను ఇనాయత్‌ని వెంటపెట్టుకుని మెట్లెక్కి, లోపలికి పోయి, తలుపు మూశాను.

"ఏం చెప్పాడు?"

"ఎవరు?" అంది ఇనాయత్.

"ఇనాయత్."

సోఫా అంచున కూర్చుంది. మంచం మీద చోటు లేదు. దాని నిండా వాళ్ల చెల్లెలింటి కహ్క్. "ఎవడో ఆకతాయి అనుకున్నానండీ. ఖలఫ్‌నంటాడు! పాలరాయికి ఆర్డరు కూడా ఇచ్చేశాంగా, ఎలా నమ్మను చెప్పండి?"

"అమ్మకి చెప్పండి అన్నాక ఏమన్నాడు?"

"చిన్న మాటేనండీ. రెండు ముక్కలు." కళ్లు మూసుకుంది. పెదవులు కదిపింది. పైన నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు పడిన చప్పుడు. "గుర్తు లేదు."

"గుర్తు తెచ్చుకో!"

"లేదంటే వినరేం! అవతల నా ప్లేటు చల్లారిపోతోంది, నేను సరిగ్గా వినలేదు!" ఏడుపు మొదలుపెట్టింది. మూడో అంతస్తు తలుపు పడింది. ఏడుపు ఆపి, కళ్లు తుడుచుకుని, చాలా మామూలుగా అంది, "పోనీ ఏదో ఒకటి చెప్దామండీ. 'అమ్మా, ఏడవకు' అన్నాడని. లేకపోతే 'దేశం కోసమే' అన్నాడని. బాగుంటుంది. పలక మీద కూడా పనికొస్తుంది. ఆవిడకి మాత్రం ఎలా తెలుస్తుంది?"

పెళ్లయిన ఇన్నేళ్లలో నా చెయ్యి ఎప్పుడూ లేవలేదు. అప్పుడూ లేవలేదు.

తలుపు చప్పుడైంది. తీశాను. ఉమ్మ్ ఖలఫ్ పళ్లెం నెత్తిన పెట్టుకుని నిలబడింది.

"రుష్దీ ఉస్తాద్, ఆ రోజు ఇనాయత్ అమ్మగారు కూడా బే గారింట్లో ఉండింది గదా?"

"ఉన్నాను కానీ, నేను..." ఇనాయత్ నా వెనక నుంచి గబగబా అంది, "ఇప్పుడు కాదు ఉమ్మ్ ఖలఫ్, పొయ్యి మీద పా..."

మింగేసింది. సగం మాటని అలాగే మింగేసింది.

ఉమ్మ్ ఖలఫ్ మా వంటింటి వైపు చూసింది. పొయ్యి వెలిగించి లేదు. ఇనాయత్ వైపు చూసింది. తర్వాత నా వైపు. ఎక్కువసేపు నా వైపే చూసింది. పళ్లెం దించి రెండు కహ్క్‌లు తీసి నా అరచేతిలో పెట్టింది. ఒకటి పంచదారది, ఒకటి ఉత్తది.

"తొందర లేదు, ఉస్తాద్. పండగ మూడు దినాలూ మెట్ల కిందనే ఉంటా. పండగ తర్వాతా ఆడనే ఉంటా. గుర్తొచ్చినోళ్లు దిగి రండి."

ఫిరంగి మోగింది. నేను నీళ్లు కూడా తాగలేకపోయాను.

అప్పటి నుంచీ లిఫ్టు ఎక్కడం మానేశాను. మెట్లు దిగితే ఆవిడ గది. ఆ గది దాటితే గోడ సందు. అక్కడ పక్కకి తిరిగి ఊపిరి బిగబట్టేటప్పుడు నా మొహం ఎప్పుడూ ఆవిడ వైపే ఉంటుంది. ఆవిడ ఏమీ అడగదు. చూస్తుంది.

అయ్యా, అమ్మా, ఇన్ని వారాలుగా నన్ను చదువుతున్న మీకు దణ్ణం పెడతాను. నాకు దారి చెప్పండి. ఫోన్ పెట్టేసింది మా ఆవిడేనని ఉమ్మ్ ఖలఫ్‌కి చెప్పేస్తే, ఆ తల్లి అడగబోయే తర్వాతి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ మాట పోయింది, చల్లారిన ప్లేటు కింద పడి పోయింది. చెప్పకపోతే, ఆవిడ బతికినన్నాళ్లూ ఈ మెట్ల కింద ఎదురుచూస్తూనే ఉంటుంది. ఇనాయత్ అన్నట్టు మేమే ఒక మాట కల్పించి ఇస్తే, ఆ తల్లి దాన్ని గుండెకి హత్తుకుంటుంది. అప్పుడు ఖలఫ్‌ని మేం రెండోసారి చంపినట్టా, ఒక్కసారైనా ఇంటికి తెచ్చినట్టా? మీ ఇంట్లో అయితే ఏం చేస్తారు? ఒక్క పోస్టుకార్డు ముక్క రాసి పడేయండి, చాలు.

ఫోన్ మాత్రం చెయ్యకండి.